పర్యావరణం కోసం ఏదైనా చేయాలనుందా? ఎవరికి ఏ పని నప్పుతుందో ఒక పోలిక

ఏటా జూన్ 5, పర్యావరణ దినం దగ్గర పడిందంటే నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు మొదలవుతాయి. ఈ ఏడు ముగ్గురు అడిగారు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా మేనకోడలు, "అత్తా, శని ఆదివారాలు ఖాళీగా ఉంటున్నా. పర్యావరణం కోసం ఏదైనా చేద్దామనుంది, ఎందులో చేరమంటావు?" అంది. మా వీధిలో ఉండే లెక్కల మాస్టారు రిటైరై రెండేళ్లయింది. గేటు దగ్గర ఆపి, "అమ్మా, మోకాళ్లు సహకరించవు గానీ పొద్దంతా తీరికే. నాలాంటివాడికి పనికొచ్చే పని ఏదైనా ఉందా?" అన్నారు. డల్లాస్‌లో ఉంటున్న మా పెదనాన్నగారబ్బాయి, "చెల్లాయ్, నేనొచ్చి చేసేదెలాగూ లేదు. డబ్బు పంపగలను. దేనికి పంపమంటావు?" అన్నాడు.

ముగ్గురికీ ఒకే జవాబు చెప్తే తప్పవుతుంది. ఎందుకంటే ఈ పనుల్లో ఒక్కోటి ఒక్కో రకం మనిషిని కోరుతుంది. కొన్నింటికి ఒంట్లో సత్తువ కావాలి, కొన్నింటికి రాత్రి మేలుకునే అలవాటు కావాలి, కొన్నింటికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక కావాలి. నేను విశాఖలో ఉంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడి, తెల్లారేసరికి కైలాసగిరి, కంబాలకొండ బోడిగా నిలబడ్డప్పుడు నేను మొదటిసారి ఇలాంటి పనుల్లోకి వచ్చాను. మరుసటి వానాకాలం ఒక బృందంతో కలిసి కొండవాలు మీద నాలుగు వందల మొక్కలు నాటాం. బ్యానరు కట్టాం, ఫొటోలు దిగాం, ఇడ్లీలు తిని ఇళ్లకొచ్చాం. తరవాతి ఏప్రిల్‌లో ఆ పక్కగా వెళ్తూ ఆగి చూస్తే గుంతల్లో పుల్లలు మిగిలాయి. నీళ్లు పోసే మనిషిని ఎవరూ పెట్టలేదు. నేనూ అడగలేదు. ఆ ఎండలో అక్కడ నిలబడి ఏడ్చాను.

ఆనాటి నుంచి ఎవరు పిలిచినా నేను ముందడిగేది ఒకే మాట: పోయినేడు చేసిన పని ఇప్పుడెలా ఉంది? దానికి జవాబు ఉన్నచోట చేరండి. కింద రాసిందంతా ఆ ప్రశ్నతో కొలిచి చూసినదే.

మొక్కలు నాటడం: ఒక్కరోజు పని కాదు, మూడేళ్ల పని

ఎక్కువమంది మొదటగా వెళ్లేది ఇక్కడికే. వెళ్లడమూ సులువే. జులై మొదటి వారంలో వన మహోత్సవం 1950 నుంచి నడుస్తోంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యంతో ఊరూరికీ నర్సరీ తెచ్చింది. కాబట్టి మొక్క దొరకడం ఇవాళ కష్టమేమీ కాదు. కష్టం దొరికిన తరవాతే మొదలవుతుంది.

తొలకరి పడి నేల బాగా నానాక నాటిన మొక్కకు మూడు నెలల వాన దొరుకుతుంది. అక్టోబరులో ఫొటో కోసం నాటితే, వేరు దిగేలోపే నేల ఆరిపోతుంది. నాటిన మొదటి రెండు ఎండాకాలాలు గట్టెక్కితే వేప, కానుగ, రావి, నేరేడు, చింత మన నేలలో తమ బతుకు తాము బతుకుతాయి. ఆ రెండు ఎండాకాలాలూ వారానికోసారి నీళ్లు, మేకలు రాకుండా కంచె, మొదట్లో కలుపు తీసే చెయ్యి కావాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతికి ఉండాలన్న బాధ్యత పెట్టారంటే, నాటడానికీ బతకడానికీ మధ్య ఎంత దూరముందో చట్టం రాసినవాళ్లకూ తెలుసన్నమాట.

ఏ మొక్క నాటుతున్నారన్నది రెండో ప్రశ్న. హైదరాబాద్ రోడ్ల మధ్య, కాలనీల్లో వరసగా పచ్చగా కనబడే కోనోకార్పస్ గుర్తుందా? త్వరగా ఎదుగుతుంది, పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. అందుకే లక్షల్లో నాటారు. తరవాత దాని పుప్పొడి మీద, భూమిలోని పైపుల్లోకి దూరే వేళ్ల మీద ఫిర్యాదులొచ్చి, 2022లో తెలంగాణ దాన్ని నాటొద్దని ఆదేశించింది. ఎంత చెమటోడ్చినా, నాటే జాతి తప్పయితే ఆ చెమటకు విలువ లేకుండా పోతుంది. మీ బృందం తెచ్చిన మొక్కల పేర్లు తెలుగులో చెప్పమనండి. మర్రి, మేడి, పొగడ, తెల్లమద్ది, మోదుగ, రేల అని వినబడితే సంతోషంగా చేరండి.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారు ఏ బ్యానరూ లేకుండా జీవితమంతా ఈ పని చేశారు. సైకిలు మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకుని రోడ్ల వెంట, కాలవ గట్ల వెంట తిరిగారు. జనం ఆయన ఇంటిపేరు మరిచి వనజీవి అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది: చుట్టుపక్కల చెట్ల విత్తనాలే ఏరి, ఆ నేలకే తిరిగిచ్చారు. ఇప్పుడు మీరు ఇంటి మేడ మీద పది కానుగ గింజలు సంచుల్లో పెట్టి మొలిపించినా ఆ దారిలో నడిచినట్టే.

కాకినాడ, కోనసీమ, దివిసీమ వైపు వాళ్లకు ఇందులోనే ఇంకో దారి ఉంది. అది మడ అడవి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయినప్పుడు పదివేలమందికి పైగా పోయారు. మడ చెట్లు దట్టంగా ఉంటే అల జోరు తగ్గుతుందని ఆ తీరంలో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లలో ఉంది. మడ మొక్క నాటడం మామూలు గుంత తవ్వి నాటినట్టు కాదు. పోటు నీరు లోపలికొచ్చి, పాటుకు వెనక్కి పోవాలి. నీరు నిలిచిపోతే ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుని మొక్క చచ్చిపోతుంది. అందుకే కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేప ముల్లు ఆకారంలో ముందు పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వి, ఆ తరవాతే నాటారు. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల కమిటీలు కలిసి చేసిన పని ఇది. మోకాలిలోతు బురదలో నిలబడి చేయాలి, మత్స్యకార కుటుంబాల వెనకాల నడవాలి. ఒక్క రోజు వెళ్లొచ్చే పట్నంవాళ్లు అక్కడ సాయం కంటే భారమే ఎక్కువ. వరసగా నాలుగు వారాంతాలు ఇవ్వగలిగితేనే అడగండి.

వాతావరణ మార్పు లెక్కలో చెట్టు నెమ్మది మందు. ఇవాళ నాటింది చెప్పుకోదగ్గ బొగ్గుపులుసు వాయువును పీల్చడానికి పదేళ్లు పడుతుంది. నీడకు, నేలకు, పిట్టలకు మాత్రం అంతకన్నా చాలా ముందే అక్కరకొస్తుంది.

తీరం శుభ్రం చేయడమా, తాబేళ్ల కాపలానా?

విశాఖ, కాకినాడ, బాపట్ల, నెల్లూరు వాళ్లు తరచూ అడిగే పోలిక ఇది.

బీచ్ శుభ్రం చేయడానికి ఎవరైనా వెళ్లొచ్చు, పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు. సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా తీరాలు ఊడ్చే రోజు. 1986 నుంచి నడుస్తున్న ఆచారం. పొద్దున ఆరింటికి చేతి తొడుగులు వేసుకుంటే ఎనిమిదికల్లా సంచులు నిండుతాయి, మనసూ నిండుతుంది. మరుసటి ఆదివారం అదే ఇసకలో అవే ప్యాకెట్లు. నేను ఇందులో మూడేళ్లున్నాను. అప్పుడు తెలిసిందేమంటే, ఏరడంతో ఆపేసే బృందం కంటే ఏరింది రకాలవారీగా లెక్కరాసే బృందం పది రెట్లు మేలు. గుట్కా కవర్లెన్ని, నీళ్ల సీసాలెన్ని, ఒక్కసారి వాడి పారేసే గ్లాసులెన్ని, వల ముక్కలెన్ని. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, గ్లాసులు, పళ్లాల వంటి 19 రకాల వస్తువులు దేశమంతా నిషేధం. ఆర్నెల్ల లెక్క చేతిలో పెట్టుకుని కార్పొరేషన్ ఆరోగ్య అధికారి దగ్గరకెళ్తే, ఆ బండ్ల దగ్గర సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో అడగడానికి నోరు వస్తుంది. లెక్కలేని సంచులకు ఆ బలం లేదు.

తాబేళ్ల కాపలా పూర్తిగా వేరే లోకం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తల్లి తాబేళ్లు రాత్రివేళ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసక మీదికెక్కుతాయి. అడుగున్నర లోతు గుంత తీసి నూటికి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, తెల్లారకముందే నీళ్లలోకి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు, అడవిపందులు ఆ వాసన పట్టి తవ్వేస్తాయి. అందుకని అటవీశాఖ, దానితో పనిచేసే ట్రీ ఫౌండేషన్, విశాఖలో వి.ఎస్.పి.సి.ఎ. లాంటి సంస్థలు గుడ్లను ఏరి తీరం మీదే కంచె కట్టిన హేచరీల్లో మళ్లీ పాతిపెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు ఇసక తోసుకుని పైకొస్తాయి.

ఇందులో వాతావరణ మార్పు కంటికి కనబడుతుంది. గుడ్డులో ఆడపిల్ల ఉందా మగపిల్ల ఉందా అన్నది ఇసక వేడిని బట్టి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆడవే పుడతాయి. అందుకే హేచరీల మీద నీడ పందిళ్లు వేస్తున్నారు. ఒకసారి సాగర్‌నగర్ తీరాన కాపలా కుర్రాడొకడు ఇసకలో చెయ్యి పెట్టి, "ఈ ఏడు కాస్త సల్లగుందండి, మగపిల్లలొత్తాయి" అన్నాడు. పుస్తకాల్లో చదివిన సంగతిని అతను అరచేత్తో చెప్పాడు.

ఈ పని ఎవరికి? రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా ఇసకలో అయిదారు కిలోమీటర్లు నడవగలవాళ్లకు, ఫోను జేబులోంచి తీయకుండా ఉండగలవాళ్లకు. తెల్లటి లైటు వేస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. పిల్లలు వెలుతురుకేసి నడుస్తాయి కాబట్టి మన టార్చి, మన రిసార్టు దీపాలు వాటిని రోడ్డు మీదికి తీసుకెళ్తాయి. ఇది 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు జీవి. అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకున్నా నేరమే. సొంతంగా గుంపు కట్టి వెళ్లకండి. డిసెంబరులోనే అటవీశాఖ రేంజి ఆఫీసులో అడిగి పేరు రాయించుకోండి. ఇక్కడి నిజమైన కాపలాదారులు జీతం మీద పనిచేసే మత్స్యకార యువకులు. మనం వాళ్లకు తోడు మాత్రమే. ఆ సంగతి మొదటి రాత్రే ఒప్పుకుంటే చాలా నేర్చుకుంటాం.

రెండింటిలో ఒకటి చెప్పమంటే: కుటుంబంతో వెళ్లాలంటే లెక్కరాసే బీచ్ బృందం. ఒక్కరే, పెళ్లికాని వయసు, వైజాగ్ చుట్టుపక్కల ఉంటే తాబేళ్లు.

చెరువు

హైదరాబాద్, వరంగల్ వాళ్లకు తీరం లేదు, చెరువుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. నగరంలో ఇప్పుడు ఆ గొలుసు వెంట మురుగు నడుస్తోంది.

చెరువు బృందాలు రెండు రకాలు. ఒకటి, ఆదివారం పొద్దున దిగి గుర్రపుడెక్క లాగేవి. ఒళ్లు అలిసేదాకా లాగుతాం, గట్టున కుప్ప పోస్తాం, చూస్తే అద్దంలా నీళ్లు. కానీ అనువైన నీళ్లలో గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దానికి తిండి పెట్టేది మురుగు. మురుగు వచ్చే నాలా మూయనంతకాలం ఆ పని ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసి నేల తుడిచినట్టుంటుంది. రెండో రకం బృందాలు ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో గట్టు చుట్టూ తిరిగి చూస్తాయి. నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ సంస్థ నీళ్ల మీద తేలే తెప్పలపై మొక్కలు పెంచి, వాటి వేళ్లతో మురుగు వడకట్టే ప్రయత్నం చేసింది. అలాంటిచోట స్వచ్ఛంద సేవకుడి చేతికి వారం వారం చేయడానికి పని ఉంటుంది, పోయినేడు నీళ్లెలా ఉండేవో పోల్చి చూపే మనిషీ ఉంటాడు.

చెరువు పనిలో ఇంకో కోణం సరిహద్దు. పూర్తి నీటిమట్టం గీత నుంచి, పది హెక్టార్లు అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ వదలాలని 2012 నాటి ఉత్తర్వు ఉంది. వానాకాలంలో నిండిన రోజున నీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో ఏటా ఒకే చోట నిలబడి ఫొటో తీసి తేదీతో దాచేవాళ్లు ప్రతి చెరువుకూ ఒకరుండాలి. పదేళ్ల తరవాత ఆక్రమణ కేసులో ఆ ఫొటోలు పనికొస్తాయి. దీనికి సంస్థ కూడా అక్కర్లేదు.

నీళ్లలో దిగేముందు జాగ్రత్త: మురుగు చెరువులో గమ్‌బూట్లు, తొడుగులు ఇవ్వని బృందంతో దిగొద్దు. చర్మం మీద పుండు ఉన్నప్పుడు అసలే వద్దు.

ఎవరికీ నచ్చని, నాకు చాలా ఇష్టమైన పని

అపార్ట్‌మెంటులో తడిచెత్త వేరు చేయించడం.

మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడిది: కూరగాయల తొక్కలు, అన్నం, పూజ పూలు. అది పొడిచెత్తతో కలిసి జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డుకు చేరి, గుట్ట లోపల గాలి అందక కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. అదే తొక్క మన మేడ మీద డ్రమ్ములో ఎండుటాకులతో కలిసి గాలి తగిలేలా మగ్గితే రెండు నెలల్లో నల్లటి ఎరువు. ఈ వ్యాసంలో రాసిన పనులన్నిట్లో వాతావరణాన్ని నేరుగా, ఇవాళే తాకేది ఇదొక్కటే.

మరి ఎందుకు ఎవరూ చేరరు? కొండ ఉండదు, కెరటం ఉండదు, ఎదురింటావిడ ముఖం ఉంటుంది. అరవై ఫ్లాట్లలో మా అపార్ట్‌మెంటును దారిలోకి తేవడానికి ఏడాదిన్నర పట్టింది. మొదటి నెల పదకొండు ఇళ్లే. డ్రమ్ములో పురుగులొచ్చి వాసనొస్తే మూడో అంతస్తువాళ్లు మూత మీద తాళం వేశారు. తప్పు మాదే, ఎండుటాకులు తక్కువేశాం. ఒక పిడికెడు తడికి రెండు పిడికిళ్ల ఎండుటాకు అన్న లెక్క అప్పుడు కుదిరింది. అందరినీ మార్చింది మాటలు కాదు, సంక్రాంతికి ఇంటింటికీ పంచిన కిలో ఎరువూ, దాంతో పూసిన బంతిపూలూ. చెత్త తీసుకెళ్లే అమ్మాయి చేతులు ఇప్పుడు కుళ్లులో పడటం లేదు. నాకు అది చాలు.

ఇంట్లోంచి కదల్లేనివాళ్లకు, పసిపిల్లల తల్లులకు, వారానికి రెండు గంటలే ఉన్నవాళ్లకు ఇదే చెప్తాను. పోయినేటి ప్రశ్నకు జవాబు ఇక్కడ మెట్లు దిగితే కనబడుతుంది.

లెక్కపెట్టడం, కాగితం పెట్టడం

పక్షుల లెక్క గురించి క్లుప్తంగా. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెడుతుంది, పదిహేను నిమిషాలు చాలు. జనవరిలో నీటిపక్షుల గణన ఉంది, 1987 నుంచి. పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మీరు రాసిన గువ్వ, గోరింక ఎక్కడికి పోతాయంటారా? 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక ముప్పై వేలమంది మామూలు మనుషులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల మీద నిలబడింది. 942 జాతుల తీరు అందులోంచే తేలింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్లలో అయితే లెక్కకు ముందే ప్రేమ ఉంది. గూడబాతులూ నత్తగుల్ల కొంగలూ ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి, అవి వస్తే వానలొస్తాయని ఊరివాళ్లు వాటిని తరమనివ్వరు. హైదరాబాద్‌వాళ్లకు అమీన్‌పూర్ చెరువు దగ్గర. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

కాగితం సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి. నాటిన వెయ్యి మొక్కల కంటే, కొట్టకుండా ఆపిన వంద ముదురు చెట్లు ఎక్కువ. చేవెళ్ల దారిలో రోడ్డు వెడల్పు కోసం దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లకు ముప్పు వచ్చినప్పుడు, ఉద్యోగాలు చేసుకునే మామూలు నగరవాసులు చెట్టుచెట్టునూ లెక్కపెట్టి, మ్యాపు మీద గుర్తుపెట్టి, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కూలుతుంటే విద్యార్థులు తీసిన వీడియోలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి ఆపించింది.

ఈ దారిలో సామాన్యుడి చేతికందే పనిముట్లు మూడు. మొదటిది సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండోది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికో, కర్మాగారానికో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ముప్పై రోజుల గడువుతో పత్రికల్లో ప్రకటించి, కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి ముందు సభ పెట్టాలి, వీడియో తీయాలి. ఆ పని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. అక్కడికి వచ్చిన ఎవరైనా మాట్లాడొచ్చు, రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాసి పంపొచ్చు. మూడోది హరిత ట్రిబ్యునల్. మనకు చెన్నైలోని దక్షిణ బెంచి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు వెయ్యి రూపాయల రుసుము, మామూలుగా ఆరు నెలల్లోపు వెయ్యాలి. తేదీ దాటిపోయి కొట్టేసిన న్యాయమైన అభ్యంతరాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఏ బృందంలోనైనా తేదీలు చూసే మనిషి ఒకరుండాలి.

నేనొక సభకు వెళ్లాను, ఒక క్వారీ విషయం. నివేదికలో ఆ కొండ చుట్టూ నీటివనరులేమీ లేవని రాసుంది. వెనక వరసలోంచి ఒకామె లేచి, "మరి మా గొర్రెలు తాగే కుంటేంటి బాబూ?" అంది. సభ నిశ్శబ్దమైంది. మేం రాసుకెళ్లిన ఏడు పేజీల కంటే ఆ వాక్యమే మినిట్సులో బరువుగా నిలిచింది. మన పని ఆవిడకు నివేదిక ముందుగా చదివి వినిపించడమే.

ఈ దారిలో ప్రమాదమూ ఉంది, దాచకూడదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూముల్లో, ఏడాది పొడవునా నీరుండే తంపర నేలలో, థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజే ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. ఊరు కదిలిన పోరాటంలో బయటినుంచి వెళ్లే సేవకుడు ముందు నిలబడకూడదు. కేసులు మోయాల్సింది ఊరివాళ్లు. వాళ్లకు కావలసిన కాగితం, అనువాదం, వకీలు చూసిపెట్టండి.

వేసవిలో చలివేంద్రం

దీన్ని ఎవరూ వాతావరణ సేవ అనరు గానీ నేనంటాను. 2015 మే ఎండలకు రెండు రాష్ట్రాల్లో కలిపి వేయిమందికి పైగా పోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ఇకముందు అలాంటి మే నెలలు ఇంకా వస్తాయి. మన తాతలు పెట్టిన కుండల పందిరి దానికి సిద్ధంగా ఉన్న ఏర్పాటు. మజ్జిగ, ఉప్పు పంచదార నీళ్లు, పడుకోవడానికి నీడ కలిపి, పన్నెండు నుంచి నాలుగు దాకా మనిషి ఉండేలా, కూలీల అడ్డా దగ్గర పెట్టండి. ప్రారంభోత్సవం రోజున కాదు, నలభయ్యో రోజున కుండలో నీళ్లున్నాయా అన్నదే చూడాలి.

డబ్బు పంపేవాళ్లకు

డల్లాస్ అన్నయ్యకు చెప్పింది ఇది. భారత పాస్‌పోర్టు ఉండి సొంత సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్టరైన సంస్థకే పంపాలి. ఆడిట్ లెక్కలు అడగండి. నొచ్చుకునే సంస్థకు పంపకండి. ఇక దేనికంటే, మొక్కలు కొనడానికి ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాపలా మనిషి జీతానికి, మార్చి నుంచి జూన్ దాకా నీళ్ల ట్యాంకరుకు, తాబేళ్ల కుర్రాళ్ల రాత్రి బత్తాకు ఇచ్చేవాళ్లే దొరకరు.

అన్నయ్య ఆలోచించి, మా అమ్మమ్మగారి ఊరి చెరువుగట్టు మీద పంచాయతీవాళ్లు నాటిన మొక్కలకు రెండు ఎండాకాలాల నీళ్ల ఖర్చు తనదన్నాడు. అతను పెరిగిన గట్టు అది.

మేనకోడలు నేను చెప్పిన చెరువుకు రెండు ఆదివారాలు వెళ్లింది, మూడో ఆదివారం వెళ్లలేదు. నాకు కోపం రాలేదు. దానికి గుంపులో పని చేయడం పడదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు అమీన్‌పూర్‌లో బైనాక్యులర్స్ పట్టుకుని ఒక్కతే కూచుంటోంది. వారం వారం జాబితా పంపుతుంది, పేరు తెలియని పిట్టను ఫొటో తీసి నన్నే అడుగుతుంది, నాకూ తెలియదు.

మాస్టారు మాత్రం నా జాబితాలో లేని పని కనిపెట్టారు. మా వార్డులో మూడేళ్లుగా రకరకాల సంఘాలు నాటిన మొక్కలన్నిటికీ నంబర్లు వేశారు. పొద్దున నడకలో రోజుకో వీధి, మోకాళ్లు ఒప్పినంత దూరం. లెడ్జరులో జాతి, నాటినవాళ్లు, కంచె ఉందా, నీళ్లెవరు పోస్తారు, బతికుందా. మొన్న నవంబరుకి మొత్తం 212. బతికున్నవి 139. చచ్చినవి ఎర్ర సిరాతో. నాటిన సంఘాలన్నిటికీ ఒక్కొక్క కాపీ తీయించి, ఎవరి ఎర్ర గీతలు వాళ్లకు ఇచ్చొచ్చారు. ఇద్దరు కార్యదర్శులు అప్పుడే వచ్చి, వచ్చే తొలకరికి ఏ నంబర్ల గుంతల్లో మళ్లీ నాటాలో ఆయన దగ్గర రాయించుకుని వెళ్లారు.